మామ్మ మరుపు – వంశం నేరమా?



వార్షికోత్సవ సంచికకి "సైన్సు మీద ఏదైనా రాయక్కా" అని సంపాదక వర్గం చెల్లెళ్ళు అడిగారు. నేను చదువుతున్నది ఎం.ఎస్సీ. హ్యూమన్ జెనెటిక్స్. జన్యువుల గురించి నాలుగు పేజీలు రాయడం నాకు కష్టం కాదు. కానీ పాఠ్యపుస్తకంలో ఉన్నది ఇక్కడ దించితే మీకేం లాభం? అందుకే మా ఇంటి సంగతితో మొదలుపెడుతున్నాను. మా పేటలో అందరికీ తెలిసిన సంగతే. మీకూ తెలిస్తే నష్టం లేదు, కొంత లాభం ఉండొచ్చు.

మాది మందస దగ్గర ఒక ఊరు. మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, ముప్పై ఏళ్ళు పలాస – కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టింది. జీడి రసం తగిలి ఆమె వేళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. బడి గుమ్మం ఎక్కలేదు. అయినా కిలోకి ఎంత, వారానికి ఎంత వస్తుందన్న లెక్క మేస్త్రీ కంటే ముందు ఆమే చెప్పేది. పుట్టిల్లు పర్లాకిమిడి వైపు కాబట్టి ఒడియా, తెలుగు రెండూ ఒకేలా మాట్లాడేది.

డెబ్బై దాటాక మార్పు మొదలైంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. బోరింగు దగ్గరికి వెళ్ళి ఇంటి దారి మరిచిపోయేది. తన డబ్బు మా అమ్మ దొంగిలించిందని వీధిలో నిలబడి అరిచేది. నేను ఇంటర్ సెలవులకి ఇంటికి వెళ్ళిన రోజు నా ముఖంలోకి చాలాసేపు చూసి, "ఎవులమ్మా నువ్వు? ఎవులింటికొచ్చినావు?" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. రాత్రిళ్ళు బయటికి పోకుండా తలుపుకి తాళం వేశారు. మామ్మ చెల్లెలికి కూడా ముసలితనంలో ఇలాగే అయ్యిందని ఎవరో గుర్తుచేశారు. ఇక అంతే! "ఆళ్ళ వంశంలో పిచ్చుంది" అన్న మాట పుట్టింది. మా అప్పకి కుదిరిన సంబంధం ఆ మాట మీదే తప్పిపోయింది. తాంబూలాలు పుచ్చుకోవడానికి వారం ముందు మధ్యవర్తి వచ్చి, "ఆళ్ళకి ఇష్టం నేదంట" అని చెప్పి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

నేను జెనెటిక్స్ సీటు ఎందుకు కోరుకున్నానని స్నేహితులు అడుగుతుంటారు. అసలు కారణం ఇదే. వంశం అనే మాటకి సైన్సు ఏం చెబుతుందో నాకు తెలియాలి. మా అప్ప కోసం, నా కోసం కూడా.

జన్యువు చెప్పేది ఎంత?

1906లో జర్మనీలో అలోయిస్ ఆల్జీమర్ అనే డాక్టరు, మరుపుతో బాధపడి చనిపోయిన ఒక స్త్రీ మెదడుని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో కనిపించిన గడ్డలనీ చిక్కుపడిన పోగులనీ లోకానికి చెప్పాడు. ఆయన పేరే ఆ జబ్బుకి వచ్చింది. మతిమరుపు జబ్బులన్నిటినీ కలిపి డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువగా కనిపించేది ఆల్జీమర్స్. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చేది ఇంకొక రకం. ముసలివాళ్ళలో చాలామందికి రెండూ కలిసే ఉంటాయి.

వంశపారంపర్యంగా, తప్పించుకోలేని విధంగా వచ్చే ఆల్జీమర్స్ ఉంది. అబద్ధం చెప్పను. 21వ క్రోమోజోము మీద ఏపీపీ, 14వ దాని మీద ప్రిసెనిలిన్-1, ఒకటవ దాని మీద ప్రిసెనిలిన్-2 అనే జన్యువులు ఉన్నాయి. వీటిలో కొన్ని ప్రత్యేకమైన మార్పులు ఉంటే జబ్బు సాధారణంగా అరవై అయిదేళ్ళ లోపే, కొందరికి నలభైల్లోనే వస్తుంది. బిడ్డకి ఆ మార్పు అందే అవకాశం సగానికి సగం. కానీ ఇలాంటి కుటుంబాలు ఎన్ని? మొత్తం ఆల్జీమర్స్ రోగుల్లో నూటికి ఒకరు కూడా ఉండరు.

మిగతావారి విషయంలో ఎక్కువగా వినిపించే పేరు ఏపీఓఈ. ఇది 19వ క్రోమోజోము మీద ఉంటుంది. దీనిలో ఇ2, ఇ3, ఇ4 అని మూడు రకాలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఇ4 ఉంటే ముప్పు పెరుగుతుందని 1993లో అమెరికాలో తేల్చారు. అక్కడి తెల్లవారిలో ఒక ఇ4 ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు, రెండూ ఇ4లే అయితే ఇంకా ఎక్కువ. అయినా ఇ4 ఉండి ముసలితనం దాకా ఆరోగ్యంగా గడిపినవారు ఉన్నారు. ఇ4 లేకుండానే జబ్బు పడినవారూ ఉన్నారు. అంటే ఇది ముప్పుని పెంచే ఒక కారణం, అంతే. దీన్ని తలరాత అనడానికి వీల్లేదు.

డెబ్బై దాటాక మామ్మకి, ఆమె చెల్లెలికి వచ్చిన మరుపు మొదటి రకం అనుకోవడానికి ఆధారం లేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఒకే కరువు తిన్నారు. ఇద్దరూ బడికి పోలేదు. ఇద్దరూ అడ్డపొగ తాగేవారు. ఇద్దరికీ బీపీ ఉందని ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఇవన్నీ వదిలేసి ఒక్క రక్తసంబంధాన్నే పట్టుకుని "వంశం" అనేశారు!

కులం గురించి ఒక మాట

మన హాస్టల్ పిల్లలకి వంశం, పుట్టుక అనే మాటలు కొత్త కాదు. "మీ జాతే అంత" అనే మాట ఏదో ఒక రూపంలో వినని వాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? కాబట్టి ఇది కూడా చెప్పాలి.

2017లో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ గారు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి దక్షిణాసియాలోని 263 సమూహాల జన్యువులు పరిశీలించారు. తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల 81 సమూహాల్లో కొన్ని అరుదైన జన్యు లోపాలు పోగుపడే పరిస్థితి ఉందని చెప్పారు. పై కులం, కింది కులం అన్న తేడా ఇందులో లేదు. దీనికి తెలిసిన ఉదాహరణ మన తెలుగు వైశ్య సమాజంలోనే ఉంది. వారిలో ఒక ఎంజైము లోపం మిగతావారి కంటే చాలా ఎక్కువ. అది ఉన్నవారికి ఆపరేషన్ సమయంలో కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు ప్రమాదం తెస్తుంది. వారిలో చాలామందికి ఈ సంగతి తెలుసు, డాక్టరుకి ముందే చెబుతారు. ఎవరూ దాన్ని అవమానం అనుకోరు. అనుకోకూడదు కూడా.

కులానికి మూలం తమలో తామే పెళ్ళి చేసుకోవడమేనని బాబాసాహెబ్ అంబేద్కర్ 1916లోనే, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నప్పుడే, ఒక వ్యాసం చదివి వివరించారు. నూరేళ్ళ తర్వాత జన్యు శాస్త్రం ఆ కంచె గుర్తులని మన రక్తంలో చూపించింది. అది చూపించింది కంచెని మాత్రమే. కంచెకి ఈ పక్కవాళ్ళు తక్కువ, ఆ పక్కవాళ్ళు ఎక్కువ అని ఎక్కడా చెప్పలేదు.

మన విశ్వవిద్యాలయం నుంచి వెళ్ళిన ఒకామె

విజయలక్ష్మీ రవీంద్రనాథ్ గారి పేరు మీలో ఎంతమందికి తెలుసు? మనం బస్సెక్కి వెళ్ళి చదువుకునే ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఆమె బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. చదివారు. 1981లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి పి.హెచ్‌డి. పొందారు. హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికీ, తర్వాత బెంగుళూరులో సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్‌కీ వ్యవస్థాపక డైరెక్టరుగా పనిచేశారు. 2010లో పద్మశ్రీ వచ్చింది. ఆల్జీమర్స్‌లో మెదడు కణాలు మొదట ఎక్కడ దెబ్బతింటాయన్నది ఆమె పరిశోధన.

ఆమె చేసిన పనిలో నాకు బాగా నచ్చింది శ్రీనివాసపురం అధ్యయనం. కర్ణాటకలో కోలారు జిల్లాలో, మన రాష్ట్ర సరిహద్దున ఉన్న తాలూకా అది. తెలుగు మాట్లాడేవాళ్ళు అక్కడ చాలామంది. ఆ పల్లెల్లో నలభై అయిదేళ్ళు దాటిన పదివేల మందిని ఏళ్ళ తరబడి గమనించాలన్నది పథకం. రక్త పరీక్షలు, జ్ఞాపకశక్తి పరీక్షలు, మెదడు స్కానింగులు, జన్యు పరీక్షలు అన్నీ చేస్తారు. మరుపు వచ్చాక ఆసుపత్రికి వచ్చినవాళ్ళని చూడడం వేరు. ఆరోగ్యంగా ఉన్న రైతుని, కూలీని ఇప్పటి నుంచే చూస్తూ, ఎవరికి ఎందుకు మరుపు వస్తోంది, ఎవరికి ఎందుకు రావడం లేదు అని తెలుసుకోవడం వేరు.

ఇది ఎందుకు అవసరం? ఇప్పటిదాకా ఆల్జీమర్స్ జన్యువుల గురించి ప్రపంచానికి తెలిసినదంతా ఎక్కువగా తెల్లవారి రక్తం నుంచి తెలిసింది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో భారత, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి పరిశీలించినప్పుడు, అమెరికాలో వారు పోల్చిచూసిన ప్రాంతం కంటే అక్కడ ఇ4 రకమూ తక్కువే, ఆల్జీమర్సూ తక్కువే అని తేలింది. అక్కడి లెక్కలు ఇక్కడ అలాగే పనికిరావని అప్పుడే అర్థమైంది. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా పథకంలో 20 సంస్థలు కలిసి దేశం నలుమూలల నుంచి సుమారు పదివేల మంది జన్యు పటాలు తయారుచేశాయి. ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఈ పనిని నడిపించింది కూడా ఆ బెంగుళూరు కేంద్రమే.

అక్షరం రాని మనిషిని ఎలా పరీక్షిస్తారు?

మామ్మని మొదట చూసిన డాక్టరు "వయసు కదా" అని బలం మాత్రలు రాసి పంపించాడు. ఏడాది పోయాక అప్పు చేసి పట్నం తీసుకెళ్ళాం. అక్కడ ఒకరు జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. ఈ వాక్యం చదువు, ఒక వాక్యం రాయి, నూరులోంచి ఏడు తీసెయ్యి, ఈ రోజు తారీఖు ఎంత? మామ్మ తల దించుకుంది. చదవడం, రాయడం సున్నా. తారీఖుకి "మంగళారం, సంత రోజు" అంది. ఆ రోజు నిజంగా మంగళవారమే! మా ఊరివైపు సంత కూడా మంగళవారమే! అయినా దానికి మార్కు పడలేదు. మామ్మకి జబ్బు లేదని నేను అనడం లేదు. జబ్బు ఎంత, చదువు రాకపోవడం ఎంత అని ఆ కాగితం విడదీయలేకపోయింది, అంతే.

ఈ లోపాన్ని గుర్తించి పనిచేసినవాళ్ళు ఉన్నారు. బల్లభ్‌గఢ్‌లో చదువు రానివారి కోసం హిందీలో వేరే పరీక్ష తయారుచేశారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి అయిదు భాషల్లో పరీక్షలు సిద్ధం చేయించింది. వాటిలో తెలుగు ఒకటి.

హైదరాబాదు నిమ్స్‌లో మెమరీ క్లినిక్ నడిపిన డాక్టర్ సువర్ణ అల్లాడి గారి పరిశోధన ఇంకా ఆసక్తికరం. ఆమె ఆ తర్వాత బెంగుళూరు నిమ్‌హాన్స్‌కి వెళ్ళారు. నిమ్స్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 391 మందికి రెండు, అంతకంటే ఎక్కువ భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవారి కంటే వీరికి జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. అక్షరం ముక్క రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది! దీన్ని శాస్త్రవేత్తలందరూ ఒప్పుకోలేదు, వేరే దేశాల్లో కొన్ని అధ్యయనాల్లో ఈ తేడా కనిపించలేదు. అయినా ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు తెలుగూ ఒడియా కలిపి మాట్లాడే మన అమ్మలూ, సీతంపేట కొండల్లో సవర, తెలుగు రెండూ మాట్లాడే అక్కలూ "మేం చదువు రానివాళ్ళం" అనుకుంటారు. వాళ్ళ తలలో ఉన్నది కూడా ఒక ఆస్తేనని చెప్పే పరిశోధన ఒకటి మన హైదరాబాదులోనే జరిగింది.

జబ్బు కంటే తొందరగా దిగేది

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు మాట.

2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం డిమెన్షియా ముప్పు పెంచే 14 కారణాలు చెప్పింది. అవి మనం మార్చగలిగినవి. వాటన్నిటినీ సరిచేస్తే ప్రపంచంలో సుమారు 45 శాతం కేసులు రాకుండా గానీ, ఆలస్యం గానీ చేయవచ్చని అంచనా. బీపీ, షుగరు, పొగ, వినికిడి లోపం, చూపు లోపం, దిగులు, ఒంటరితనం ఆ జాబితాలో ఉన్నాయి. చిన్నతనంలో చదువు లేకపోవడం కూడా ఉంది. మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఆడవాళ్ళలో, పల్లెల్లో, చదువు లేనివారిలో ఎక్కువ.

మా ఇంట్లో ఏం జరిగిందో ఇప్పుడు వినండి. మామ్మని ఒంటరిగా వదలకూడదు. అమ్మా నాన్నా పనికి పోకపోతే పూట గడవదు. నేను హాస్టల్లో ఉన్నాను. మరి ఎవరు ఉండాలి? పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన మా అప్ప ఇంటర్ మొదటి ఏడాదిలో చదువు మానేసింది. ఎవరూ మానమని గట్టిగా అనలేదు. ఒక సోమవారం కాలేజీకి వెళ్ళలేదు, అంతే. ఆ తర్వాత ఇక వెళ్ళలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనని అందరూ మెచ్చుకుంటారు. మామ్మ దగ్గర అప్ప కూర్చోబట్టే నేను చదవగలిగానన్నది ఎవరూ అనరు.

మా వంశంలో మామ్మ నుంచి అప్పకి ఏదైనా దిగిందంటే, అది ఏ ఇ4 జన్యువో నాకు తెలియదు. ఆగిపోయిన చదువు మాత్రం కచ్చితంగా దిగింది. మామ్మకి పలక దక్కలేదు. ఆ మామ్మ మరుపు అప్ప పుస్తకాలు లాగేసింది. ఇది ఇలాగే వదిలేస్తే రేపు అప్ప ముసలితనానికి కూడా ఇదే ముప్పు. పెళ్ళివారు వెతికిన వంశపు దోషం ఇక్కడ ఉంది! దీన్ని ఆపడానికి జన్యువులు మార్చనక్కర్లేదు. ఆడపిల్లని బడిలో ఉంచితే చాలు.

మనం ఏం చేద్దాం?

సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ముసలివాళ్ళకి బీపీ, షుగరు చూపించండి. మతి తప్పుతుంటే దెయ్యం అనొద్దు, వయసు అని వదిలేయొద్దు. బి12 లోపం, థైరాయిడ్, దిగులు వల్ల వచ్చే మరుపుని మందులతో తగ్గించవచ్చు. ఆల్జీమర్స్‌కి పూర్తిగా నయం చేసే మందు లేదు. ఉందని అమ్మేవాళ్ళని నమ్మొద్దు. అశ్వగంధతో విజయలక్ష్మి గారి బృందం 2012లో మంచి ఫలితం చూపించింది, కానీ ఎలుకల్లో. ఎలుకకి నయమైంది కదా అని మామ్మకి పొడులు కొనకండి.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సినవి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక రోజైనా మరుపు జబ్బుల ఓ.పి. ఉండాలి, అందులో చదువు రానివారికి తగిన తెలుగు పరీక్ష పెట్టాలి. ఇంట్లో రోగిని చూసుకునే ఆడపిల్ల చదువు ఆగకుండా పగటి సంరక్షణ కేంద్రం కావాలి.

పరిశోధకులు మన ఊళ్ళకి వస్తే రక్తం ఇద్దాం. మన రక్తం లేని పుస్తకంలో మన జబ్బుకి మందు దొరకదు. కానీ అడిగి ఇద్దాం. ఉద్దానం కిడ్నీ జబ్బు మనకి నేర్పిన పాఠం ఇది. ఎన్నో బృందాలు వచ్చి రక్తం, నీళ్ళు, మట్టి తీసుకెళ్ళాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ ఒక్క మాటలో తేలలేదు. జనం వదలకుండా అడిగారు కాబట్టే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. రక్తం ఎందుకు తీస్తున్నారు, ఏం తేలింది, మాకు అర్థమయ్యే మాటల్లో ఎప్పుడు చెబుతారు అని అడగడం మన హక్కు.

చివరిగా అప్ప సంగతి. పోయిన ఏడాది ఇంకో సంబంధం వచ్చింది. ఈసారి మధ్యవర్తి చెప్పకముందే అప్పే చెప్పేసింది, "మా మామ్మకి మరుపు జబ్బు, లోపల గదిలో ఉంది, చూస్తారా?" అని. అబ్బాయి తల్లి లేచి లోపలికి వెళ్ళి మామ్మ పక్కన కాసేపు కూర్చుంది. బయటికి వచ్చి, "మా ఇంట్లో మూడు తరాలుగా సుగరుంది. మీదేటి కొత్త?" అంది.

పెళ్ళి వైశాఖంలో జరిగింది. అప్ప దూరవిద్యలో ఇంటర్ పరీక్షకి ఫీజు కట్టింది. మామ్మ దగ్గర ఇప్పుడు అమ్మ ఉంటోంది, పని మానేసి. తెలుగు మాటలు మామ్మకి దాదాపు పోయాయి, చిన్నప్పటి ఒడియా మిగిలింది. నేను కొంచెం కొంచెం నేర్చుకుంటున్నాను.

– పూర్వ విద్యార్థిని,
ఎం.ఎస్సీ. (హ్యూమన్ జెనెటిక్స్) రెండో సంవత్సరం, విశాఖపట్నం